ఫ్లెక్సీలో మా నాన్న లేడు

మా బాబాయి ప్రేమతోనే వేయించాడు, కాదనను. కానీ కర్నూలు పాత బస్తీలో మా ఇంటి గేటుకు కట్టిన ఆ ఫ్లెక్సీ చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. పైన పెద్ద అక్షరాలతో 'శ్రద్దాంజలి'. ధకు ద పెట్టారు. దాని కింద 'ప్రముఖ వ్యాపారవేత్త, స్వయంకృషితో ఎదిగిన మహనీయుడు, కుటుంబమే ప్రపంచంగా జీవించిన ఆదర్శమూర్తి'. అడుగున వరుసగా మా బంధువుల ఫొటోలు. అమ్మ మాత్రం ఎక్కడా లేదు.

ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊరి వాళ్లకు కర్మ పత్రికలు అచ్చు వేసిన మనిషి మా నాన్న. ఒకసారి కూర్చిన పేజీని విప్పకుండా పక్కన పెట్టుకునేవాడు. "ఎవరు పోయినా ఆదర్శమూర్తే, పేరు మారిస్తే చాలు" అని నవ్వేవాడు. చివరికి ఆయనకూ అదే పేజీ దక్కింది.

వ్యాపారవేత్తట! కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, సీసం అక్షరాల కేసులు కొన్ని, ఇదీ ఆస్తి. ముహూర్తాలుంటే శుభలేఖలు, మూఢం వస్తే కిరాణా కొట్ల బిల్లు పుస్తకాలు. మూఢంలో మా ఇంట్లో కూర ఉండేది కాదు, పచ్చడే. 1953లో, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఏడు పుట్టాడు. 1956లో ఆ హోదా హైదరాబాదుకు పోయింది. "ఊరికి రాజధాని మూడేళ్లే నిలిచింది, నా మిషనే నయం" అనేవాడు.

స్వయంకృషి అన్నవాళ్లు రాత్రి పది తర్వాత మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఏడో తరగతి చదివిన అమ్మే ఆ ప్రెస్సుకు ప్రూఫ్ రీడరు. పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు పడితే ఐదు వందల కార్డులు మళ్లీ వేయాలి, ఆ నష్టం మాదే. అందుకే అమ్మ చూడనిదే మిషను కదిలేది కాదు. తర్వాత కార్డులు మడిచి, మూలలకు పసుపు రాసేది. మాఘమాసమంతా ఆమె చేతి అన్నం పసుపు వాసన వేసేది.

ఇక కుటుంబమే ప్రపంచమా? నా పదో తరగతి ఫలితం ఆయనకు చెప్పింది ఒక శుభలేఖల బేరగాడు. ఆ కోపం నాకు ఇంకా పూర్తిగా పోలేదు. కానీ ప్రతి జూన్‌లోనూ నా నోటు పుస్తకాలకు నా పేరు అచ్చు వేసిన లేబుళ్లు ఉండేవి, బడిలో ఇంకెవరికీ ఉండేవి కావు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. నీళ్లు తీశాక చూస్తే కేసుల నిండా బురద. అప్పటికే పనంతా కంప్యూటరుకూ ఆఫ్‌సెట్‌కూ వెళ్లిపోయింది, ఆ అక్షరాలను అడిగేవాడు లేడు. తూకానికి అమ్మెయ్యమని అందరూ చెప్పారు. ఆయన వినలేదు. మేడ మీద బకెట్లలో కడిగి, అమ్మ పాత చీర మీద ఆరబోసి, ఒక్కొక్కటే ఏరి గడుల్లో సర్దాడు. క గడిలో క, ఖ గడిలో ఖ, ఒత్తులు వేరే. దాదాపు నెల పట్టింది. ఆ తర్వాత అమ్మేశాడు, తూకానికే! మరి ఎందుకు కడిగావు నాన్నా అంటే, "మురికిగా ఇస్తామా?" అన్నాడు.

ఇది రాయడానికి ఫ్లెక్సీలో చోటు లేదు, తెలుసు. ఫొటోలకే సరిపోయింది.

నిన్న పెద్దకర్మ అయిపోయి బంధువులంతా వెళ్లాక, నల్ల స్కెచ్ పెన్ను తీసుకుని స్టూలు ఎక్కాను. ద ఒత్తు కింద చిన్న గీత గీసి ధ చేశాను. స్టూలు కదలకుండా అమ్మ పట్టుకుంది. పైకి చూసి, "ప్రూఫు నాకు చూపించాల్సింది" అంది.