హెచ్చరికతో సరిపెడతారా?

జేన్ స్ట్రీట్‌కు మళ్లీ తలుపు తెరుచుకుంది. 2025 జులై 3న మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఈ అమెరికా ట్రేడింగ్ సంస్థను మన మార్కెట్ల నుంచి బయటికి పంపింది. షేర్ల ధరల తీరు చూపే బ్యాంక్ నిఫ్టీ, నిఫ్టీ సూచీలను ఎక్స్‌పైరీ రోజుల్లో, అంటే ఆప్షన్ల గడువు ముగిసే రోజుల్లో, తనకు కావలసినట్లు ఆడించిందని 105 పేజీల మధ్యంతర ఆదేశంలో వివరంగా రాసింది. రూ.4,843 కోట్లను అక్రమ లాభంగా లెక్కగట్టి జమ చేయమంది. 14వ తేదీన సంస్థ జమ చేసింది. ఆదేశం వచ్చి మూడు వారాలు తిరక్కుండానే నిషేధం పోయింది. డబ్బు కడితే నిషేధం తొలగుతుందని ఆ ఆదేశంలోనే ఉందట. ఉండొచ్చు. అదే ఆదేశంలో ఈ సంస్థ నమ్మదగింది కాదని కూడా సెబీ రాసింది. నమ్మలేమని రాసిన చేత్తోనే ఎలా రానిచ్చారు?

జేన్ స్ట్రీట్ తప్పేమీ చేయలేదని, అది రెండు చోట్ల ధరల తేడా మీద లాభం తీసే మామూలు ఆర్బిట్రేజ్ అని వాదిస్తోంది. తుది తీర్పు రావాల్సి ఉంది కాబట్టి ఆ వాదన వినాల్సిందే. మా అభ్యంతరం ఆ సంస్థ మీద కన్నా దాన్ని కాపలా కాయాల్సిన వాళ్ల మీద. ఈ వ్యవహారం మొదటి నుంచి చివరి దాకా నడిచింది ఒక్క ఆయుధంతోనే. దాని పేరు హెచ్చరిక.

2024 జనవరి 17 సంగతి చూడండి. ముందు రోజు సాయంత్రం వచ్చిన హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ ఫలితాలు నచ్చక బ్యాంక్ నిఫ్టీ పొద్దున్నే పడింది. సెబీ లెక్క ప్రకారం, ఉదయం జేన్ స్ట్రీట్ బ్యాంకు షేర్లు, ఫ్యూచర్లు (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే కాంట్రాక్టులు) కలిపి సుమారు రూ.4,370 కోట్లకు కొని సూచీని పైకి లేపింది. పెరుగుతోందని చూసి చిన్నవాళ్లు కాల్స్ (సూచీ పెరిగితే లాభమిచ్చే ఆప్షన్లు) కొంటున్నారు. ఆ కాల్స్ అమ్మింది ఆ సంస్థే, చవగ్గా దొరుకుతున్న పుట్స్ (సూచీ పడితే లాభమిచ్చే ఆప్షన్లు) కొన్నదీ అదే. మధ్యాహ్నం నుంచి షేర్లు, ఫ్యూచర్లు వరసబెట్టి అమ్మేసింది. సూచీ కూలింది. షేర్లలో, ఫ్యూచర్లలో పోయింది రూ.61 కోట్లు, ఆప్షన్లలో వచ్చింది రూ.734 కోట్లు. ఇదంతా ఒక్క రోజులో, ఎక్స్ఛేంజ్ కంప్యూటర్ల కళ్ల ముందే జరిగింది.

ఎవరూ చూడలేదా? మన వాళ్ల దృష్టి అటు మళ్లింది 2024 ఏప్రిల్‌లో. అమెరికా కోర్టులో జేన్ స్ట్రీట్ తన పాత ఉద్యోగుల మీద, వాళ్లు చేరిన సంస్థ మీద వేసిన కేసులో 'భారత్ ఆప్షన్లలో వంద కోట్ల డాలర్ల లాభం' అన్న మాట బయటికి పొక్కాక. మన మార్కెట్‌లో ఏం జరుగుతోందో మనకు న్యూయార్క్ కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాతైనా ఏం చేశారు? 2025 ఫిబ్రవరిలో, సెబీ చెప్పగా, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్ఎస్ఈ) జేన్ స్ట్రీట్‌కు ఒక హెచ్చరిక లేఖ రాసింది. మే నెలలో అదే ఆట మళ్లీ సాగిందని సెబీయే అంటోంది. లేఖను ఎంత లెక్క చేశారో దాన్నిబట్టే తెలుస్తోంది.

చిన్నవాడికీ దక్కుతున్నది హెచ్చరికే. 2023 జులై నుంచి ఏ బ్రోకర్ యాప్‌లో లాగిన్ అయినా ఒక డబ్బా ప్రత్యక్షమవుతుంది: ఈక్విటీ ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్లు, ఆప్షన్లలో) పదిమందిలో తొమ్మిది మందికి నష్టాలే, సగటున యాభై వేల దాకా. కింద ఒక బటన్. కుర్రాడు చదవకుండానే నొక్కి, టెలిగ్రామ్‌లో తెలుగులో వచ్చిన టిప్ వైపు వెళ్లిపోతాడు. ఆ డబ్బా వల్ల నష్టాలు తగ్గాయా? 2025 జులై 7న సెబీ ఇచ్చిన లెక్కే సమాధానం. 2024-25లో వ్యక్తిగత ట్రేడర్లలో 91 శాతం మంది నష్టపోయారు. పోయిన సొమ్ము రూ.1,05,603 కోట్లు, అంతకు ముందు ఏడాది రూ.74,812 కోట్లు. 2024 నాటి సెబీ అధ్యయనం ప్రకారం వీళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపేనని చూపినవాళ్లు, ఎక్కువమంది పెద్ద నగరాల వాళ్లు కూడా కారు.

ఇష్టపడి ఆడినవాడి నష్టానికి సెబీ ఎందుకు పూచీ పడాలి, మరీ బిగిస్తే విదేశీ పెట్టుబడి పారిపోతుంది అనేవాళ్లు ఉన్నారు. నష్టానికి పూచీ ఎవరూ అడగడం లేదు. ఆట నిజాయితీగా సాగుతోందని పూచీ అడుగుతున్నాం. అది కూడా ఇవ్వలేకపోతే పదిమందిలో తొమ్మిది మంది అని యాప్‌లో రాయించడం సెబీ తన చేతులు కడుక్కోవడమే.

హెచ్చరిక ఎందుకంత ప్రీతి? హెచ్చరికతో ఎవరి రాబడికీ గండి పడదు గనుక. ఆప్షన్ల లావాదేవీలు ఎంత పెరిగితే ఎక్స్ఛేంజ్‌కు అంత రుసుము, బ్రోకర్‌కు అంత బ్రోకరేజీ, ప్రభుత్వానికి అంత ఎస్‌టీటీ (లావాదేవీల పన్ను). ఆ లావాదేవీల మీద ముందు వరస నిఘా పెట్టాల్సింది కూడా ఆ ఎక్స్ఛేంజే. దొడ్డికి కంచె కట్టేవాడికి మేకల బేరంలో వాటా ఇచ్చినట్లుంది ఈ ఏర్పాటు.

చేయాలనుకుంటే సెబీకి చేతకాదని కాదు. హైదరాబాద్‌కు చెందిన బ్రోకర్ సంస్థ కార్వీ, ఖాతాదారుల షేర్లను తనవిగా చూపి బ్యాంకుల్లో తాకట్టు పెట్టిన వ్యవహారం 2019లో బయటపడింది. అప్పుడు 'బ్రోకర్లతో జాగ్రత్త' అని డబ్బా పెట్టి ఊరుకోలేదు. 2020 నుంచి షేర్లు ఖాతాదారు డీమ్యాట్‌లోనే ఉంచి, అక్కడే తాకట్టు నమోదయ్యేలా, అందుకు అతని ఫోన్‌కే ఓటీపీ వచ్చేలా పద్ధతి మార్చింది. బ్రోకర్ చెయ్యి షేర్ల దాకా వెళ్లకుండా అడ్డం కట్టింది. ఖాతాదారుల సొమ్ము చాలా వరకు ఇరుక్కున్నాకే అనుకోండి, అయినా కట్టింది. ఎక్స్‌పైరీ రోజు సూచీని ఎవరు ఎటు లాగుతున్నారో ఆ గంటలోనే పట్టుకుని, ఆ గంటలోనే వాళ్ల పందేలు (పొజిషన్లు) ఆపే అడ్డుకట్ట అప్పటికి ఎందుకు లేదు? 2024 నవంబర్ నుంచి ఒక్కో ఎక్స్ఛేంజ్‌కు వారం ఎక్స్‌పైరీ ఒకటే ఉండేలా చేశారు, కాంట్రాక్టు సైజు (ఒక్కో కాంట్రాక్టు కనీస విలువ) పెంచారు. అవి చిన్నవాడిని ఆట నుంచి దూరం పెట్టేవి. పెద్దవాడి చెయ్యి పట్టుకునేవి కావు.

ఇప్పుడు పెట్టిన ఒరవడి మరీ ప్రమాదం. ఆ సంస్థ 2023 జనవరి నుంచి 2025 మార్చి దాకా మన మార్కెట్లో మొత్తం మీద రూ.36,502 కోట్లు సంపాదించిందని సెబీయే చెబుతోంది. అందులో రూ.4,843 కోట్లు పక్కన పెడితే మళ్లీ లోపలికి రావచ్చని రేపు వచ్చే ప్రతి సంస్థకూ తెలిసిపోయింది. తుది తీర్పులో జరిమానా వేసినా అది చేరేది సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు. జనవరి 17న కాల్స్ కొని పోగొట్టుకున్నవాడికి అందులో పైసా రాదు. వాడికి మిగిలేది యాప్‌లో ఆ డబ్బానే.

సెబీ ముందు తన ఇల్లు చూసుకోవాలి. ఆ రోజు మధ్యాహ్నం ఎక్స్ఛేంజ్ నిఘా విభాగంలో తెరల ముందు కూర్చున్నవాళ్లు ఏం చూశారు, ఎవరికి రాశారు, రాసింది ఎవరి బల్ల మీద ఎన్ని నెలలు నిద్రపోయింది? ఇవి మార్కెట్ రహస్యాలు కావు. జీతం తీసుకుని చేయాల్సిన పని చేశారా లేదా అన్న ప్రశ్నలు. ఐదు లక్షల ఆదాయం లేని కుర్రాడికి రోజూ జాగ్రత్తలు చెప్పే పెద్దలు, తమ బల్లల మీది కాగితాలకు ఇంతవరకూ జవాబు చెప్పలేదు.