ఫ్రిజ్‌లోంచి డాబా మీదకు విచ్చేసిన కూజా మొక్క గారికి

శ్రీకాకుళం,
ఏప్రిల్ రెండో వారం.

మహారాజశ్రీ సర్రసీనియా పర్పూరియా గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా చెమటలు తుడుచుకుంటూ క్షేమం. తమరు డాబా మీద తడి గోనెసంచి పరుపు వేయించుకుని, అంగుళం లోతు వాన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని దర్జాగానే ఉన్నారని పొద్దున్నే చూసి వచ్చాను.

తమర్ని తెచ్చుకున్నది దోమల కోసం. అమ్మినాయన "పురుగుల్ని తింటుంది సార్" అన్నాడు. పురుగంటే దోమేననుకున్నాను. సాయంత్రం ఆరు దాటాక మా వీధిలో ఎవరైనా అలాగే అనుకుంటారు. తీరా చూస్తే తమరి భోజనంలో చీమలు, ఈగలే ఎక్కువ. దోమ ఊసు తమరి దగ్గర ఎత్తకూడదని తర్వాత తెలిసింది. తమరి పుట్టింట్లో, ఉత్తర అమెరికా చిత్తడి నేలల్లో, వైయోమియా అనే దోమ తమరి కూజాలాంటి ఆకులో నిలిచిన నీళ్ళలోనే గుడ్లు పెడుతుందట. దాని పిల్లలు ఆ నీళ్ళలోనే ఈదుతూ, తమరు పట్టిన చీమలు కుళ్ళితే పుట్టే సూక్ష్మజీవుల్ని తిని పెద్దవుతాయట. దోమల్ని చంపుతారని తెచ్చుకుంటే, దోమపిల్లలకు హాస్టల్ నడిపే ఆసామీ దొరికారు!

సరే, వచ్చారు, ఉండండి అన్నాం. అప్పుడు బయటపెట్టారు తమరి షరతు. మూడు నెలలు పది డిగ్రీల లోపు చలిలో పడుకోవాలి, లేకపోతే ఏడాదికేడాది నీరసించిపోతారు. శ్రీకాకుళం చలి ఎలా ఉంటుందో తెలిసే అడిగారా? భోగినాడు మంకీ క్యాప్ పెట్టుకుని మంట దగ్గర ఫొటో దిగుతాం, తొమ్మిదింటికి క్యాప్ తీసేస్తాం. మేఘాలయలో మన సొంత కూజా మొక్క ఉంది, నెపెంథిస్ ఖాసియానా. దానికి ఈ శీతనిద్ర బాధ లేదు. అక్కడి గారో తెగవాళ్ళు దాన్ని దెయ్యపు బుట్ట అంటారు. కనీసం పేరులో నిజాయితీ ఉంది.

ఇక మిగిలింది ఫ్రిజ్. మొదటి ఏడాది డిసెంబరులో పాత కూజాలు కత్తిరించి, వేళ్ళ మట్టి కడిగి, తడి నాచులో చుట్టి, జిప్ కవరులో పెట్టి కూరగాయల అరలో పడుకోబెట్టాను. ఒక పక్క కరివేపాకు, ఇంకో పక్క మునక్కాడలు. కత్తిరించిన కూజా ఒకటి నిలువునా చీల్చి చూశాను. అడుగున నల్లటి ముద్ద. అందులో ఆవగింజల్లా మెరుస్తున్న చీమల తలకాయలు, చెక్కుచెదరని ఈగ రెక్క ఒకటి. లోపలి గోడ మీద వెంట్రుకలన్నీ కిందికి దువ్వినట్టు ఉన్నాయి. వేలు కిందికి నున్నగా జారింది, పైకి లాగితే గరుగ్గా అడ్డం పడ్డాయి. మా వీధిలో చిట్టీలు కట్టించుకున్నాయన గుర్తొచ్చాడు.

అమ్మకు ముందే చెప్పకపోవడం నా తప్పు. జనవరిలో ఒక పొద్దున్న వంటింట్లోంచి కేక వినబడింది: "ఏట్రా, ఈ అల్లం గడ్డం పెంచేసినాది?" పరిగెత్తుకెళ్ళేసరికి తమరు కత్తిపీట పక్కన, పెసరట్ల పిండికి ఎదురుగా ఉన్నారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరోసారి చూడబట్టి బతికారు. అప్పట్నుంచి మా ఇంట్లో తమరి పేరు అల్లం.

తమరి నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. బోరు నీళ్ళు పోస్తే లవణాలు పేరుకుని తమరి ప్రాణం పోతుంది, ఎరువు వేస్తే వేళ్ళు మాడతాయి. నీళ్ళలో కరిగిన లవణాలు యాభై పీపీఎం దాటకూడదని, వాటిని కొలిచే టీడీఎస్ మీటరు కొన్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరిచెట్లను వరసగా పడుకోబెట్టిన జిల్లా ఇది. ఇక్కడ తుఫాను హెచ్చరిక వినగానే వాన నీళ్ళకని డ్రమ్ము కడిగిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. ఇదే జిల్లాలో ఉద్దానం జనం, కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని తేలక, తాగే నీళ్ళను కూడా అనుమానంగా చూస్తూ ఏళ్ళు గడిపారు. మీటరు పట్టుకుని తమరి పళ్ళెం ముందు గొంతుక్కూర్చున్నప్పుడు అది గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. తమరికి వేసినట్టు లేదు.

ఆ మొదటిసారి నిద్ర అయ్యాక, మార్చిలో తమర్ని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా మిట్టమధ్యాహ్నం డాబా మీద పెట్టాను. సాయంత్రానికి మిగిలిన రెండాకులూ అప్పడాలయ్యాయి. అందుకని ఈసారి ముహూర్తం అమ్మకు వదిలేశాను. ఏటా మార్చిలో, మళ్ళీ అక్టోబరులో, అరసవల్లిలో పొద్దుటి కిరణాలు నేరుగా గుడిలోకి వచ్చి సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. ఆ వార్త పేపర్లో చూసి, "సామికి ఎండ తగిలినాది, నీ అల్లాన్ని కూడా తియ్యి" అంది. ఆవిడ లెక్కను తీసిపారేయలేం. తమరు పడుకునేదీ లేచేదీ చలితోపాటు పగటి పొడుగును బట్టే కదా.

ఐదు రోజులు వరండా నీడ, తర్వాత వారం రోజులు ఎనిమిదింటి దాకా ఎండ, ఆ పైన పదింటి దాకా. ఉగాది వెళ్ళాక పూర్తి ఎండ. మా బావగారిని కొత్తల్లుడిగా ఉన్నప్పుడు కూడా ఇన్ని విడతలుగా అలవాటు చేయలేదు. ఆయన ఒక్కసారే అలిగారు, అదీ ఉంగరానికి.

కిందటి నెలాఖరున తమరి నడిమధ్య నుంచి పూకాడ ఒకటి లేచింది, తల వంచుకుని, ఎంతో వినయంగా. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ వాళ్ళు 1954లో తమర్ని తమ ప్రావిన్స్ పుష్పంగా పెట్టుకున్నది ఈ వినయం చూసేనేమో. తమరి జాతిలో ముందు పువ్వు, తర్వాతే కొత్త కూజాలు. పుప్పొడి మోసే తేనెటీగను ముందే మింగేస్తే గింజ కట్టదని కాబోలు. పని అయ్యేదాకా నోరు తెరవరన్నమాట.

ఈ ఏడాది డిసెంబరు గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకుంటే మంచిది. కూరగాయల అర ఇక కుదరదని అమ్మ తేల్చేసింది. పైఅరలో, పెరుగు గిన్నె వెనకాల...

ఆగండి. డాబా మీద నుంచి అమ్మ కేకేస్తోంది.

"ఒరే, నీ అల్లానికి నోరొచ్చినాదిరా! బేగి రా, చీమొకటి అంచు మీద తిరుగుతున్నాది!"

చూసొచ్చి మిగతాది రాస్తాను.

ఇట్లు,
తమరి నీళ్ళు మోసేవాడు