ఊరు బొహీమియాది, చెయ్యి బవేరియాది

"పిల్స్నర్ జర్మనీలో పుట్టిన బీరు" అని బీర్ల మీద నేను చదివిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. అది సగమే నిజం. పుట్టింది బొహీమియాలోని పిల్సెన్‌లో, అంటే ఇప్పటి చెక్ దేశంలో. 1838లో ఆ ఊరివాళ్లు పాడైపోయిన బీరు 36 పీపాలు టౌన్‌హాల్ ముందే పారబోశారు (ఎంత మండిపోయి ఉంటుందో!). తర్వాత కొత్త బ్రూవరీ కట్టుకుని, ఇప్పటి జర్మనీలో ఉన్న బవేరియా నుంచి బీరు కాచే యోసెఫ్ గ్రోల్‌ను పిలిపించుకున్నారు. 1842 అక్టోబరులో ఆయన కాచిన లాగర్ (చలిలో నిల్వ ఉంచే బీరు) బంగారు రంగులో వచ్చింది. లేత రంగు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), సాట్స్ రకం హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు), ఖనిజాలు బాగా తక్కువున్న ఆ ఊరి నీళ్లు, మూడూ కలిసొచ్చాయి.

జర్మన్లు తర్వాత దాన్ని తమ నీళ్లకు తగ్గట్టు మార్చుకున్నారు. అక్కడ చాలాచోట్ల నీళ్లలో ఖనిజాలు ఎక్కువ కాబట్టి హాప్స్ చేదు పదునుగా తగులుతుంది. రంగు ఇంకా లేత, తీపి తక్కువ. ఉత్తరాన దొరికే యెవర్ లాంటి బీర్లు కాకరకాయ ఇష్టంగా తినేవాళ్లకే నచ్చుతాయేమో.

ఇంకోమాట. ఈ బీరు దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర పులిశాక, సున్నాకి దగ్గరి చలిలో వారాల తరబడి ఉంచాలి. లాగర్ అన్న పేరే జర్మన్‌లో నిల్వ ఉంచడం నుంచి వచ్చింది. ఆ వ్యాసంలో దాని ఊసే లేదు!