ఎమ్మెల్సీకి ఓటుంది, పాలకమండలికి లేదు

కావలిలోనో కనిగిరిలోనో డిగ్రీ పాఠాలు చెప్పే లెక్చరర్ శాసనమండలికి సభ్యుణ్ణి ఎన్నుకోగలడు. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు కలిసిన ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటు రావాలంటే గత ఆరేళ్లలో మూడేళ్లు బోధించి ఉంటే చాలు. 2023 మార్చి ఎన్నికలప్పుడు స్టాఫ్‌రూముల చుట్టూ జరిగిన ప్రదక్షిణలు ఎవరూ మర్చిపోలేదు. అదే లెక్చరర్ తన కాలేజీ ఏ వర్సిటీ కింద ఉందో, అది కాకుటూరు విక్రమ సింహపురి అయినా, ఒంగోలు ఆంధ్ర కేసరి అయినా, దాని పాలకమండలికి ఒక్క తోటి అధ్యాపకుణ్ణి కూడా ఎన్నుకోలేడు. చట్టాలు చేసే సభకు పనికొచ్చిన ఓటు సిలబస్ దగ్గర చెల్లకుండా పోవడం ఏందో!

పాలకమండలిలో అధ్యాపకులు లేరని కాదు. ఉంటారు. 1991 నాటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం వాళ్లకు చోటిచ్చింది, పేర్లు రాసే కలం మాత్రం ప్రభుత్వం చేతిలో పెట్టింది. దాని ఫలితం వీసీ (వైస్ చాన్సలర్) ఎంపికలో కనిపిస్తుంది. సెర్చ్ కమిటీలో ముగ్గురు: పాలకమండలి తరఫున ఒకరు, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) తరఫున ఒకరు, ప్రభుత్వం తరఫున ఒకరు. పాలకమండలిని నింపిందే ప్రభుత్వమైతే ముగ్గురిలో ఇద్దరు మగపెళ్లివారే. మిగిలిన ఒక్కరూ ఏం బేరమాడతారు?

ఎన్నికలు పెడితే కులాలు, సంఘాలు, గ్రూపులు వస్తాయని ఒక వాదన. నామినేషన్లలో అవి లేవా? ఉన్నాయి, కాకపోతే తలుపు వేసుకుని ఉన్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం చదువుల సంగతి చూసే అకడమిక్ కౌన్సిల్‌లో 26 మంది, పాలకమండలి లాంటి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో ఇద్దరు అధ్యాపకులు ఓట్లతో గెలిచి కూర్చుంటారు. గొడవలు అక్కడా బోలెడు. అయితే ఏ తీర్మానానికి ఎవరు అడ్డం చెప్పారో మర్నాటికల్లా అందరికీ తెలిసిపోతుంది.

ఇక అటానమస్ కాలేజీలు, అంటే సిలబస్, పరీక్షలు తామే చూసుకునేవి. నెల్లూరు డీకే మహిళా కళాశాల లాంటి ప్రభుత్వ కాలేజీల్లో కథంతా యూజీసీ నిబంధనల ప్రకారం నడవాలి. గవర్నింగ్ బాడీలో ఇద్దరు అధ్యాపకులు, సీనియారిటీని బట్టి ప్రిన్సిపాల్ నామినేట్ చేసినవాళ్లు. అకడమిక్ కౌన్సిల్‌లో విభాగాధిపతులందరూ, వాళ్లు కాక సీనియారిటీ వరసలో వంతులవారీగా నలుగురు. ఒక్కో సబ్జెక్టు సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కొంచెం నయం, ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లంతా సభ్యులే. బయటి నిపుణుల్లో ఒకర్ని వీసీ ఎంచాలి, అదీ ప్రిన్సిపాల్ పంపిన ఆరుగురి జాబితాలోంచి.

కాగితం మీద ఇది బాగానే ఉంది. చెడేది నాలుగు చోట్ల. ఒకటి, సీనియారిటీ వంతు. ఐదు తరగతులు చెప్పే చిన్న లెక్చరర్‌కి వంతు వచ్చేసరికి బదిలీ వస్తుంది, కుర్చీ మళ్లీ ఖాళీ. పైగా నామినేట్ చేసే ప్రిన్సిపాలే ఆ మనిషి పనితీరు మీద సంతకం పెట్టే అధికారి. ఎదుట కూర్చుని కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? రెండోది అజెండా. సమావేశం ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో వస్తే చదివేదెప్పుడు, పాత సిలబస్‌తో పోల్చేదెప్పుడు? దానికి తోడు 'టేబుల్ ఐటెం' అని అప్పటికప్పుడు పెట్టేవి. అసలు డబ్బుకు సంబంధించినవి వచ్చేది ఆ రూపంలోనే. మూడోది ర్యాటిఫికేషన్: పని ముందే జరిగిపోయి ఉంటుంది, సభ్యులకు మిగిలేది తలూపడం. నాలుగోది మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని రికార్డు. 'చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అన్న ఒక్క వాక్యంలో అరగంట వాదన మునిగిపోతుంది.

పైనున్న ఉన్నత విద్యామండలి సంగతి వేరే చెప్పాలి. 2023-24లో డిగ్రీకి ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం రాష్ట్రమంతా ఒకేసారి వచ్చింది. చట్రం పైనుంచి దిగాక కింద బోర్డ్ ఆఫ్ స్టడీస్ సర్దగలిగేది యూనిట్ల వరసా, రిఫరెన్స్ పుస్తకాలూ.

గెస్ట్, కాంట్రాక్ట్ అధ్యాపకుల ఊసు ఏ నిబంధనలోనూ సరిగా ఉండదు. ప్రశ్నపత్రం రాసేదీ వాళ్లే, పేపర్లు దిద్దేదీ వాళ్లే. కమిటీ ఫొటోలో మాత్రం ఉండరు.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. సభ్యులు అజెండా కనీసం వారం ముందు, అనుబంధాలతో సహా కావాలని రాతపూర్వకంగా అడగాలి. ఒప్పుకోని తీర్మానం మీద అసమ్మతి నోట్ రాసి, దాన్ని మినిట్స్‌కి జతచేయమని కోరి, రసీదు తీసుకోవాలి. తర్వాతి సమావేశంలో మొదటి అంశం పాత మినిట్స్ ఖరారే కాబట్టి, నోట్ లేకపోతే అక్కడే ఆపాలి. కాలేజీలో నాణ్యత చూసే కమిటీ ఐక్యూఏసీని ఎవరూ లెక్కచేయరు గానీ, దానికి కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ పెట్టిన మార్గదర్శకాలు గట్టివి: మూడు నెలలకోసారి సమావేశం, మూడింట రెండు వంతుల కోరం, తీసుకున్న చర్యల నివేదిక. కోరం లేని రోజు హాజరు పట్టికలో ఖాళీలు ఖాళీలుగానే ఉండాలి, మర్నాడు సంతకాలు సేకరించడం కుదరదనాలి.

సభ్యులు కానివాళ్లకు సమాచార హక్కు చట్టం ఉంది. సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ తన బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీల వివరాలు, వాటి మినిట్స్ జనానికి అందుబాటులో ఉన్నాయో లేదో తనంతట తానే ప్రకటించాలి. ప్రకటించకపోతే 10 రూపాయలతో దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్ల అకడమిక్ కౌన్సిల్ హాజరు పట్టికలు, అజెండా పంపిన తేదీలు, మినిట్స్ నకళ్లు. 'ఎందుకు', 'ఏమిటి' అని ప్రశ్నలు రాయకండి, పత్రాలే అడగండి. ప్రశ్నైతే సమాచారం కాదని తిప్పి పంపుతారు. గడువు 30 రోజులు. జవాబు రాకపోతే, గడువు దాటిన 30 రోజుల్లోపు అదే సంస్థలో పై అధికారికి మొదటి అప్పీలు.