తనంతట తానే మారిపోయే జి54 గారికి

మా కంప్యూటర్ మిల్లింగ్ మెషీన్ జ్ఞాపకంలో కొలువున్న మహారాజశ్రీ జి54 గారి సముఖమునకు,

ఆ మెషీన్‌ని పనికి సిద్ధం చేసే మిల్లింగ్ సెట్టర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమమే. చెక్కాల్సిన లోహపు ముక్కని (జాబ్ అంటాం) బిగించి పట్టుకునే వైస్ మాత్రం క్షేమంగా లేదు. మొన్న రాత్రి దాని కదలని దవడ, అంటే ఫిక్స్‌డ్ జా మీద కొత్తగా ఒక గాడి పడింది. సూపర్‌వైజర్ వచ్చి ఏమైందని అడిగితే, మా వంశాచారం ప్రకారం "ఆఫ్‌సెట్ మారిపోయింది సార్" అన్నాను. ఆయన కూడా ఒకప్పుడు సెట్టరే కాబట్టి తల ఊపి వెళ్లిపోయారు.

గమనించారా? "మారిపోయింది" అన్నాను. "మార్చాను" అన్న సెట్టర్‌ని నా సర్వీసులో నేను చూడలేదు. చిప్ (చెక్కినప్పుడు రాలే లోహపు పెచ్చు) చిక్కుకుంటుంది, టూల్ విరుగుతుంది, ఆఫ్‌సెట్ మారిపోతుంది. మా షాపులో మనుషులు ఏ పనీ చేయరు, అన్నీ వాటంతట అవే జరుగుతాయి. ఇన్ని నేరాలు తమ ఖాతాలో ఉన్నాయి కనుక, ఈసారి నేరుగా తమకే రాసి తేల్చుకుందామనుకున్నాను.

తమ ఉద్యోగం పెద్ద కష్టమైనదేమీ కాదు. మెషీన్‌కి తన సొంత సున్నా ఒకటుంది, హోమ్‌కి పంపితే వెళ్లి నిలబడే చోటు. ప్రోగ్రామ్ రాసినాయన సున్నా వేరు, అది డ్రాయింగ్‌లో జాబ్ మూలనో నడిమధ్యనో ఉంటుంది. ఈ రెండు సున్నాలకీ ఒకదాని మొహం ఒకటి తెలియదు. అక్కడి నుంచి ఇక్కడికి ఎంత దూరమో ఎక్స్, వై, జెడ్ అంటూ రాసిపెట్టుకుని, అడిగినప్పుడు చెప్పడమే తమ పని. ఆ దూరాన్నే మేం ఆఫ్‌సెట్ అంటాం. కొలవడం రాదు, చూడడం రాదు, అనుమానించడం అసలే రాదు. అయినా ప్యానెల్ మీద -412.350 అని మూడు దశాంశాలతో నిలబడితే ఎంత ధీమా! ఆ చివరి సున్నా చూస్తే ఎవరో తపస్సు చేసి కొలిచారేమో అనిపిస్తుంది.

ఆ జెడ్ అంకె ఎలా వచ్చిందో చెప్పమంటారా? కాగితం. టూల్ కిందా జాబ్ పైనా ఒక కాగితం ముక్క పెట్టి, చేత్తో ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, హ్యాండ్ వీల్‌ని ఒక్కో గీత తిప్పుతూ టూల్‌ని దించుతాం. కాగితం పట్టేసినట్టు అనిపించగానే ఆపి, దాని మందం 0.1 మిల్లీమీటరు తీసేస్తాం. "అనిపించగానే" అన్న మాట దగ్గరే ఉంది కథంతా. ఒకరికి కాగితం కాస్త బిగిస్తే చాలు, ఇంకొకరికి అది చిరగాలి. మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) మాట్లాడే మెషీన్, కోటు జేబులోంచి తీసిన కాగితం ముక్క సాక్ష్యం మీద నడుస్తోంది. తమరు ఎన్నడైనా "ఇది ఎవరి చేయి?" అని అడిగారా?

ఎక్స్, వైల సంగతికి వద్దాం. టూల్‌ని పట్టుకుని తిప్పే స్పిండిల్‌కి, అంచు వెతికే ఎడ్జ్ ఫైండర్‌ని బిగిస్తాం. దాని కొన ఊగుతూ తిరుగుతుంది. జాబ్ అంచుని తాకేకొద్దీ ఊగడం తగ్గి నిటారుగా నిలుస్తుంది, ఆ వెంటనే టక్కున పక్కకి జారుతుంది. జారిన క్షణంలో స్పిండిల్ సెంటర్ అంచు మీద ఉండదు. కొన 10 మిల్లీమీటర్లదైతే అంచుకి 5 దూరంలో ఉంటుంది. ఎడమ అంచుని తాకామా, సెంటర్ ఎడమ వైపున ఉంది కాబట్టి X-5. అని కొట్టి మెజర్ బటన్ నొక్కాలి. ఆ 5ని మరిచిపోతే తప్పు 5 మిల్లీమీటర్లే. గుర్తుండి, మైనస్ బదులు ప్లస్ కొడితే తప్పు 10 మిల్లీమీటర్లు. అంటే తమ దర్బారులో మతిమరుపు కంటే అరకొర జ్ఞానానికే శిక్ష రెట్టింపు. ఇంకా కొన్ని కంట్రోలర్లలో 5 తర్వాత ఆ చుక్క పెట్టకపోతే దాన్ని 5 మైక్రాన్లుగా చదువుకుంటారు. చుక్క లేని 5 ఎక్కడ, చుక్క ఉన్న 5 ఎక్కడ! వెయ్యి రెట్ల తేడా వస్తున్నా తమ మొహంలో చలనం ఉండదు.

బటన్ల గురించి ఒక్క మాట. ఇన్‌పుట్ అని ఒకటి, ప్లస్ ఇన్‌పుట్ అని ఒకటి, అన్నదమ్ముల్లా పక్కపక్కనే ఉంటాయి. మొదటిది పాత అంకెని చెరిపి కొత్తది రాస్తుంది. రెండోది పాతదానికి కొత్తది కలుపుతుంది. జాబ్ 0.05 లోతు తక్కువగా వచ్చిందని -0.05 కొట్టి, నిద్రమత్తులో మొదటిది నొక్కాను. -412.350 పోయి -0.050 వచ్చింది. స్పిండిల్ పైకి పోబోయి హద్దు దాటుతున్నావని చెప్పే ఓవర్ ట్రావెల్ అలారంతో ఆగింది. ఆ అలారానికి నేను మనసులో దండం పెట్టుకున్నాను. "అరమిల్లీమీటరులో పదో వంతు మార్చమంటే 412 మిల్లీమీటర్లు ఎందుకు మార్చావురా?" అని తమరు మాత్రం అడగలేదు.

ఇక పేజీలో తమ పైన కూర్చునే పెద్దాయన, ఎక్స్‌టర్నల్ అనే సున్నా-సున్నా వరుస. ఆయన ఎవరి జాబ్‌కీ చెందడు, కానీ ఆయనలో ఏ అంకె వేసినా తమ దగ్గర్నుంచి జి59 దాకా, ఒక్కో సున్నాకి ఒకరుగా ఉన్న ఆరుగురూ అంతమేరా జరగాల్సిందే. డ్రై రన్ (లోహం తగలకుండా ఉత్తుత్తి పరుగు) కోసమని పగటి షిఫ్ట్‌వాళ్లు ఆయన జెడ్‌లో 100 వేసి మరిచి వెళ్లారు. రాత్రి నేను స్టార్ట్ నొక్కాను. కూలెంట్ పారింది, టూళ్లు మారాయి, సైకిల్ మొత్తం దర్జాగా నడిచింది. తలుపు తీస్తే జాబ్ పెట్టింది పెట్టినట్టే మెరుస్తోంది. గాలిని అంత సుందరంగా మిల్లింగ్ చేసిన షాపు ఇంకోటి ఉండదు. (ఒక పిల్ల ట్రైనీ జాబ్‌ని వేలితో తుడిచి "ఫినిషింగ్ బాగుంది" అన్నాడు. వాడు పైకొస్తాడు.)

ఇప్పుడు ఆ గాడి. టేబుల్ మీద రెండు వైస్‌లు. ఎడమది తమది, కుడిది జి55 గారిది. కుడి వైస్‌లో కొత్త జాబ్ బిగించాను. జాబ్ కింద పెట్టే పట్టీలు, అంటే పారలల్స్ కింద చిప్ లేదని చూశాను, అంచున లేచిన బర్ తీశాను, తిన్నగా ఉందో లేదో డయల్ తిప్పి చూశాను, ఎడ్జ్ ఫైండర్ పెట్టి జి55లో అంకెలు నింపాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేసి ఎరగను. స్క్రీన్ మీద గ్రాఫిక్స్ కూడా చూశాను, బ్రహ్మాండంగా వచ్చింది. వస్తుంది మరి, జాబ్ ఏ వైస్‌లో ఉందో ఆ బొమ్మకి తెలియదు. పోయిన వారం నడిచిన ప్రోగ్రామే కదా అని ప్రోగ్రామ్‌ని ఒక్కో వరుసగా ఆపి నడిపే సింగిల్ బ్లాక్ వేయలేదు.

ఆ ప్రోగ్రామ్‌లో మీ ఇద్దరి పేర్లలో ఏదీ లేదు. పేరు లేకపోతే పెత్తనం తమరిదే. మెషీన్ ఆన్ చేయగానే ఎవరూ పిలవకుండా హాజరయ్యేది తమరు కదా! నా కళ్లు కుడి వైస్ మీద ఉన్నాయి. టూల్ ఎడమ వైస్‌కి వెళ్లింది. అక్కడ జాబ్ లేదు, గతంలో ఏదో పలచటి ప్లేట్ కోసం పెట్టిన సున్నా మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. 12 మిల్లీమీటర్ల కార్బైడ్ ఎండ్ మిల్ అనే టూల్ ఆ సున్నాని నమ్మి 20 మిల్లీమీటర్ల లోతుకి దిగింది. కదలికని ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ దగ్గరికి నా చెయ్యి వెళ్లేసరికి శబ్దం ఆగిపోయింది. విరిగాక ఇక శబ్దం ఎక్కడిది?

తమ తరఫున ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రాత్రి మారనిది తమరొక్కరే.

ప్రోబ్ కొంటే ఈ బాధలన్నీ పోతాయని ఆఫీసులో అనుకుంటున్నారు. 1970ల మొదట్లో కాంకార్డ్ విమానం ఇంజిన్ పైపుల్ని కొలవలేక అవస్థపడుతుంటే డేవిడ్ మెక్‌మర్ట్రీ అనే ఇంజినీరు తాకగానే సిగ్నల్ ఇచ్చే ప్రోబ్ కనిపెట్టారు. దాని సంతతే ఇప్పుడు స్పిండిల్లోకి ఎక్కి, జాబ్‌ని తాకి, అంకెని నేరుగా తమ చెవిలో వేస్తుంది. కాగితం పోతుంది, ప్లస్సూ మైనస్సూ పోతాయి. మంచిదే. కానీ జాబ్ అంచుకి చిప్ అంటుకుని ఉంటే, ఆ చిప్‌ని కూడా అంతే భక్తితో మైక్రాన్ల వరకు కొలిచి తమకి అప్పగిస్తుంది. తమరు పుచ్చుకుంటారు.

కాబట్టి నా విన్నపం చిన్నది. జాబ్ మార్చినప్పుడు ఒకసారి దగ్గండి. అంకె ఒక్కసారిగా 400 మిల్లీమీటర్లు గెంతితే "నిజంగానా?" అనండి. అదీ కుదరకపోతే, తమని ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో పక్కన రాసిపెట్టండి. ఈ చివరి కోరికకి మా షాపులో ఒక్క సంతకం కూడా దొరకలేదు, నాదీ లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
రాత్రి షిఫ్ట్ సెట్టర్

తా.క.: ఇది రాస్తుండగా షిఫ్ట్ మారింది. బోర్డు మీద "సెట్టింగ్ ఓకే" అని ఉంది, పేరు లేదు. ఆఫ్‌సెట్ పేజీ తెరిచి చూశాను. పెద్దాయన వరుసలో జెడ్ దగ్గర 0.080 ఉంది. ఎవరినడిగినా "అదే వచ్చింది" అంటున్నారు. చెరిపితే ఎవరి జాబ్ పోతుందో తెలియదు, ఉంచితే నాది పోతుందేమో తెలియదు. కాగితం ముక్క కోసం జేబులు వెతుక్కుంటున్నాను.