కొత్త పైపులైను సరే, వాల్వుల సంగతేంటి?

మా వీధి ఏటవాలుగా ఉంటుంది. రోజు విడిచి రోజు తెల్లవారుజామున నీళ్లు వదులుతారు. పల్లంలోని ఇళ్లలో సంపులు నిండి రోడ్డు మీదికి పొర్లుతుంటాయి. అదే సమయంలో ఎగువన చివరి నాలుగిళ్లకు బిందె నిండటమే కష్టం. దాంతో వాళ్లు నల్లాకే మోటారు బిగించారు. నల్లాకు మోటారు పెడితే నీళ్లతో పాటు పైపు పగుళ్లలోంచి పక్కనున్న మురుగు కూడా లోపలికి వస్తుంది. ఆ సంగతి తెలిసినా చేసేదేమీ లేక పెట్టారు. అందరూ నీళ్లు చాలడం లేదు, కొత్త పైపులైను వేయాలంటారు. నాకైతే నీళ్ల కంటే ప్రెషర్ పంపకంలోనే లోపం కనిపిస్తుంది.

మా హైదరాబాద్‌కు 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ నుంచి నీళ్లు వాలుకే వచ్చేవి. 2004లో కృష్ణా, 2015లో గోదావరి నీళ్లు తోడయ్యాయి. ఈ రెండింటినీ ఎత్తిపోయాల్సిందే. కృష్ణా నీళ్లు వచ్చే నాగార్జున సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. నగరం సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి లీటర్లను ఆ 360 మీటర్లు ఎత్తడానికి, ఏ నష్టమూ లేదనుకున్నా, దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. పంపుల్లో, పైపుల రాపిడిలో పోయేది అదనం. ఇంత ఖర్చుతో తెచ్చిన నీళ్లు చివరి వాల్వు దగ్గర రోడ్డు పాలవుతుంటే నాకు బాధేస్తుంది.

పైపులో ప్రెషర్ పెరిగితే లీకు కూడా పెరుగుతుంది. కాబట్టి పల్లపు వీధుల మొదట్లో ప్రెషర్ తగ్గించే వాల్వు పెడితే, పైపు తవ్వకుండానే లీకుల్లో పోయే నీళ్లు కొంత మిగులుతాయి, ఎగువ ఇళ్లకూ అందుతాయి. వాల్వును ఎంత తిప్పామన్నదే కాదు, ఎంత నిదానంగా తిప్పామన్నదీ ముఖ్యమే. పొడవాటి ఇనుప పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో పోతున్న నీటిని ఒక్కసారిగా ఆపితే సుమారు 100 మీటర్ల నీటి ఎత్తుకు సమానమైన దెబ్బ పైపు మీద పడుతుంది. పాత జాయింట్లు ఊడిపోవడానికి ఇదీ ఒక కారణం.

పంపు దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. పంపును పూర్తి వేగంతో నడుపుతూ, ఎక్కువైన నీటిని వాల్వు సగం మూసి ఆపుతారు. అంటే కరెంటుతో పుట్టించిన ఒత్తిడిని ఆ వాల్వు దగ్గరే వృథా చేయడం. దాని బదులు పంపు వేగాన్నే తగ్గించవచ్చు. వేగం 20 శాతం తగ్గితే, రాపిడి భారమే ఎక్కువగా ఉన్న లైనులో కరెంటు వాడకం దాదాపు సగానికి పడిపోతుంది. ఎత్తే భారం ఎక్కువైన చోట అంత మిగలదు, కాబట్టి ప్రతి పంపుకూ విడిగా లెక్క వేయాలి. ఓవర్‌హెడ్ ట్యాంకులను కరెంటు చవగ్గా ఉన్న వేళల్లో నింపి పెట్టుకోవడం అన్నిటికంటే తేలిక.

ఈ లెక్కలకు పెద్ద ఖర్చేమీ ఉండదు. అమెరికా పర్యావరణ సంస్థ తయారుచేసిన ఈపానెట్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఏ వాల్వు ఎంత తెరిస్తే ఏ వీధిలో ప్రెషర్ ఎంతుంటుందో అది చూపిస్తుంది. అయితే అందులో ఎక్కించాల్సిన సమాచారంలో చాలా భాగం లైన్‌మ్యాన్ బుర్రలోనే ఉంది. మట్టి కింద పూడిపోయిన వాల్వు ఎక్కడుందో, ఏది ఎన్ని చుట్లు తిప్పితే చివరింటికి నీళ్లు ఎక్కుతాయో ఆయనకే తెలుసు. ఆయన రిటైరైతే అదంతా పోతుంది. ఆయన్ను పక్కనపెట్టి సెన్సర్లు కొనడం తప్పని నా గట్టి అభిప్రాయం.

అసలు నీళ్లే తక్కువైతే వాల్వులు ఏం చేస్తాయని అడగొచ్చు. ఒడిశాలోని పూరీలో 2021 నుంచి 24 గంటలూ నల్లా నుంచే తాగే నీళ్లు ఇస్తున్నారు. పైపులో ప్రెషర్ ఎప్పుడూ ఉంటే మురుగు లోపలికి రాదు, సంపూ మోటారూ అవసరం పడవు. రేపు దొరుకుతాయన్న నమ్మకం ఉంటే జనం నీళ్లు నిల్వ చేసుకోవడం, మిగిలినవి పారబోయడం కూడా తగ్గుతాయి. అలా ఉన్న నీళ్లే ఇంకొంత మందికి సరిపోతాయి.

మా వీధికైతే ముందు రెండు ప్రెషర్ గేజులు కావాలి. ఒకటి పల్లంలో, ఒకటి ఎగువన చివరింటి దగ్గర. నీళ్లు వదిలిన ప్రతిసారీ లైన్‌మ్యాన్ ఆ రెండు అంకెలనూ, వాల్వు ఎన్ని చుట్లు తిప్పాడన్నదీ ఒక నెలపాటు నోట్‌బుక్కులో రాస్తే చాలు.