గ్రే షేడ్ గారికి విజయనగరం నుంచి

విజయనగరం,
గంటస్తంభం దగ్గర.

శ్రీయుత గ్రే షేడ్ గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఏ సినిమా మొదలుపెట్టినా "మా హీరో పాత్రకి గ్రే షేడ్స్ ఉంటాయి" అంటున్నారు. ఏ నవల గురించి మాట్లాడినా "ఇందులో పూర్తి మంచివాళ్లు లేరు, పూర్తి చెడ్డవాళ్లూ లేరు" అని మెచ్చుకుంటున్నారు. మంచివాడైన హీరో పాతబడిపోయాడట, ఉత్త చెడ్డవాడైన విలన్ బోరు కొడుతున్నాడట. కొత్తల్లుడు మొదటి సంక్రాంతికి వచ్చినట్టుంది మీ దర్జా. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది.

నాకో చిన్న అభ్యంతరం ఉంది. మీరు కొత్తవారని ఎవరన్నారు? మా ఊళ్లో మీరు 1892 నుంచీ కాపురం ఉంటున్నారు.

గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం నాటకం ఆ ఏడే ఇక్కడ మొదటిసారి ఆడారు. ఆయన రాసింది ఆడపిల్లల్ని డబ్బుకి ముసలాళ్లకి కట్టబెట్టే ఆచారం మీద. అప్పటి మహారాజు ఆనంద గజపతి గారు అలాంటి పెళ్లిళ్ల జాబితా కూడా తయారు చేయించారు. అంత గంభీరమైన వ్యవహారం. తీరా జనం నాటకం చూసి ఇంటికి వెంటబెట్టుకుని పోయింది ఎవర్ని? గిరీశాన్ని. పూటకూళ్లమ్మ సొమ్ము తిని, ఊళ్లో అప్పులు పెట్టి, శిష్యుడి భుజమ్మీద చెయ్యేసుకుని ఊరు దాటేసి, ఆ శిష్యుడి అక్కకే వల వేసిన పెద్దమనిషిని. అదే నాటకంలో సౌజన్యారావు పంతులు గారని ఒక వకీలు ఉన్నారు. నిఖార్సయిన మంచివాడు. ఆయన గురించి ఏమైనా గుర్తుందా అని మొన్న మా చుట్టాలందర్నీ వరసగా అడిగాను. ఒకాయన చాలాసేపు ఆలోచించి, "ఏ బ్యాంకులో చేసేవారు?" అన్నాడు.

1955లో సినిమా తీసినప్పుడు కూడా గిరీశం వేషం ఎన్టీఆర్‌కే ఇచ్చారు. హీరో ఎవరో సినిమా వాళ్లకి జనం కంటే ముందే తెలుసు.

ఈ సందర్భంలోనే ఒక సంగతి అడగాలి. ఆ నాటకంలో మీరు నిజంగా ఇష్టపడి చేరిన ఇల్లు మధురవాణిది. అబద్ధాలాడుతుంది, మగవేషం వేస్తుంది, అవతలివాడి జేబూ మనసూ రెండూ చదివేస్తుంది. చివరికి కాస్తో కూస్తో న్యాయం జరిగిందంటే ఆవిడ చేతి మీదుగానే. అయినా ఆవిడ పేరెత్తగానే మా పెద్దవాళ్లు గొంతు తగ్గించేవారు. గిరీశం సంగతైతే భోజనాల దగ్గర కూడా చెప్పుకుని పొలమారేదాకా నవ్వేవారు. మగాడికైతే మీరు షేడు, ఆడదానికైతే మచ్చ. ఈ రేటు మీరు పెట్టిందా, మేం పెట్టిందా?

సరే, నా పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవాలి. మా అమ్మది బొబ్బిలి. నాన్నది విజయనగరం. 1757 జనవరి 24న ఈ రెండు ఊళ్లకీ జరిగిన యుద్ధం మా ఇంట్లో ఇంకా ఆగలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైన రోజు కూడా నాన్న నోట "బొబ్బిలి" అనే మాట వచ్చేది.

వేసవి సెలవులకి అమ్మమ్మ ఇంటికి వెళ్తే తాండ్ర పాపారాయుడు. కోట పోయింది, రాజు రంగారావు పోయాడు, శత్రువు చేతికి చిక్కకూడదని ఆడవాళ్లనీ పిల్లల్నీ తమవాళ్లే చంపుకున్నారు. అప్పుడు పాపారాయుడు రాత్రివేళ విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి దూరి పొడిచి చంపాడు. అమ్మమ్మ ఆ గుడారం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేది. మేం ఆరుబయట మంచాల మీద లేచి కూర్చునేవాళ్లం. విజయనగరం వాళ్లు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటేసుకొచ్చారు కదా, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నావైపు చూసేది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. బుస్సీని నేనే పిలుచుకొచ్చినట్టు తల దించుకునేవాణ్ని.

బడి తెరిచే వేళకి విజయనగరం వచ్చేసేవాణ్ని. ఇక్కడ నాయనమ్మ. కథ అదే, మనుషులూ వాళ్లే, కానీ చెప్పడం గుడారం లోపలి నుంచి. విజయరామరాజు చెల్లెలు పైడితల్లి. యుద్ధం వద్దని అన్నని బతిమాలిందనీ, అన్న చావు విని ప్రాణం విడిచి, పెద్దచెరువులో అమ్మవారై వెలిసిందనీ చెప్పేది. చెబుతూ కళ్లు తుడుచుకునేది. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను కదులుతుంది. అంత పొడుగు మాను కొసన పూజారి కూర్చుని, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. కింద జనం అరటిపళ్లు విసురుతారు. ఆ విసిరేవాళ్లలో మా బొబ్బిలి మావయ్య కూడా ఉండేవాడు. ఆయన లెక్కలో విజయరామరాజు విలన్, విలన్ చెల్లెలు మాత్రం అమ్మవారు. ఏడాదికోసారి వచ్చి మొక్కు తీర్చుకుని, మా ఇంట్లో భోంచేసి, వెళ్లేటప్పుడు గుమ్మంలో పాపారాయుణ్ని మళ్లీ తలుచుకుని బస్సెక్కేవాడు.

ఒకసారి తెగించి నాయనమ్మనే అడిగాను. "నాయనమ్మా, విజయరామరాజు మంచోడా, చెడ్డోడా?"

"మనోడురా గుంటడా," అంది.

తర్వాతి వేసవిలో అమ్మమ్మని అడిగాను, చీకట్లో దొంగచాటుగా వెళ్లి చంపడం తప్పు కాదా అని. అమ్మమ్మ కొంచెంసేపు ఊరుకుని, "మనోడు కదా," అంది.

పాత్రల గురించి తర్వాత నేను చాలా చదివాను. ఈ ఇద్దరు ముసలమ్మలు చెప్పిన దాని మీద ఎవరూ ఒక్క ముక్క అదనంగా చెప్పలేదు. గ్రే షేడ్ గారూ, మీ పక్కన "మనోడు" అనే మాట ఉంటేనే మీకు ఊళ్లో పరపతి. అది తీసేస్తే మీరు ఉత్త వెధవ.

1979 జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడింది. అంతదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న బొబ్బిలినీ, విశాఖ జిల్లాలో ఉన్న మా ఊరినీ ఒకే జిల్లాలో కలిపేసి, మా ఊరిని ముఖ్యపట్టణం చేశారు. యుద్ధం జరిగిన 222 ఏళ్లకి. అమ్మమ్మ ఆ వార్త విని, "మళ్లీ మీరే గెలిచారన్నమాట," అని రెండు పూటలు నాన్నతో మాట్లాడలేదు.

ఇక విలన్ల సంగతికొస్తే, మేం వాళ్లనేం తక్కువ చెయ్యలేదు. పిల్లలకి పేరు పెట్టాల్సొస్తే రామారావు, సింహాచలం, అప్పలనాయుడు. పెట్టిన పేరుతో పిలుస్తామా? అప్పు వసూలుకి వెంటపడేవాడు నక్షత్రకుడు. పక్కింటివాళ్ల మధ్య పుల్ల పెట్టేవాడు శకుని. పగలు పడుకుంటే కుంభకర్ణుడు. రేషన్ కార్డులో రాముడు, రచ్చబండ మీద శకుని. 1977లో ఎన్టీఆర్ ఒకే సినిమాలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ వేశారు కదా. మా పేటలో వినాయక చవితి పందిట్లో మైకు దొరికిన ప్రతి కుర్రాడూ దుర్యోధనుడి డైలాగే కొట్టేవాడు. కృష్ణుడి ముక్క చెప్పినవాణ్ని నేను ఒక్కణ్ని కూడా చూళ్లేదు. హరిశ్చంద్ర నాటకం రాత్రంతా సాగుతుంటే నిద్రపోయిన మా మావయ్య, నక్షత్రకుడు రాగానే సరిగ్గా లేచి కూర్చునేవాడు. ఎలా తెలిసేదో నిద్రలో.

హరిశ్చంద్రుడికి దణ్ణం పెట్టాం. పెట్టి పడుకున్నాం.

మీకు కోపం రాకపోతే ఇంకో మాట. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలని కాళీపట్నం రామారావు మేష్టారు 1997లో పెట్టింది. అక్కడికి వెళ్లినవాళ్లకి మీ ఇంకో ఫొటో కనబడుతుంది, పేపర్లో వచ్చేది కాదు. మేష్టారి యజ్ఞం కథలో శ్రీరాములు నాయుడు ఉంటాడు, ఊరి పెద్ద. ఊరు బాగుపడాలని పాటుపడినవాడు. తీసుకున్న అప్పు తీర్చాలనడం ధర్మమే కదా, ఆయన అదే అంటాడు. ఆ ధర్మం కింద అప్పల్రాముడి ఇల్లు నలిగి పిప్పైపోతుంది. చివర ఏమవుతుందో చెప్పను, చదవనివాళ్లుంటారు. నేను చదివి ఎవర్ని తిట్టాలో తెలియక రెండ్రోజులు చిరాగ్గా తిరిగాను. ఇంట్లో అన్నం దగ్గర కూడా కసురుకున్నాను. శ్రీరాములు నాయుడిలా మాట్లాడి చూపించాలని ఏ కుర్రాడికీ అనిపించదు. ఆయన బొమ్మ టీషర్టు మీద రాదు.

అది మీరే కదా? మరి ఆ వేషంలో అంత అరుదుగా తిరుగుతారెందుకు? గిట్టుబాటు కాదా?

ఇక నా సొంత గోడు. దీనికోసమే అసలు ఉత్తరం మొదలుపెట్టాను, దారిలో బొబ్బిలి అడ్డొచ్చింది.

మా పేటలో ఒకాయన చీటీలు నడిపేవాడు. పేరు రాయను, ఊళ్లో ఇంకా చుట్టాలున్నారు. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, నెలకి 5,000. తెల్ల లాల్చీ, నోట్లో వక్క. నెల నెలా డబ్బు లెక్క పెట్టకుండా జేబులో వేసుకునేవాడు. "లెక్క పెట్టుకోండి," అంటే, "నిన్ను లెక్క పెట్టుకున్నాను కదా బావూ, చాల్లే," అనేవాడు. "డబ్బుదేముంది, చేతికంటిన మట్టి," అనేవాడు. మా అందరి మట్టీ ఆయన చేతికే అంటింది. పదకొండు నెలలు కట్టాను. పిల్ల పెళ్లికి పనికొస్తుందని చీటీ వేలంలో పాట పాడకుండా అట్టిపెట్టుకున్నాను. పన్నెండో నెల ఐదో తారీఖున వెళ్తే ఇంటికి తాళం. తాళానికి దారంతో కట్టిన చీటీ ముక్క, చక్కటి దస్తూరీ: "అత్యవసర పని మీద వెళ్తున్నాను. అపార్థం చేసుకోవద్దు."

అందులో రెండో వాక్యం చూడండి. నలభై ఏళ్లుగా కథలు చదువుతున్నాను, అంత పొదుపైన ముగింపు నాకు తగల్లేదు.

మొదట్లో నెలరోజులు నిద్ర లేదు. తర్వాత ఒకరోజు టీ కొట్టు దగ్గర ఎవరో అడిగితే చెప్పాను. ఆ లాల్చీ సర్దుకోవడం, ఆ వక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి తోయడం, "నిన్ను లెక్క పెట్టుకున్నాను కదా బావూ," అనడం. అందరూ పడీ పడీ నవ్వారు. మర్నాడు ఇంకో నలుగురు వచ్చి మళ్లీ చెప్పమన్నారు. ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. చెప్పిన కొద్దీ ఆయన అందగాడైపోతున్నాడు. ఈమధ్య ఆయనకి నేను ఒక కష్టం కూడా కల్పించాను, తమ్ముడి ఆపరేషన్ అని. నాకు తెలిసి ఆయనకి తమ్ముడే లేడు. వినేవాళ్లు "పాపం, ఏటి సేత్తాడు మరి," అంటున్నారు. నా డబ్బుతో పోయినవాడికి గ్రే షేడ్ నేనే కొనిపెట్టాను, గమనించారా? ఆ ఖర్చు కూడా మీ ఖాతాలో రాసుకోండి.

నన్ను ఆ చీటీలో చేర్చింది ఒక లెక్కల మేష్టారు, రిటైరయ్యారు. ఆయన డబ్బూ పోయింది. "నా మాట మీద చేరావు కదా," అని పెన్షన్ లోంచి నెలకి వెయ్యి చొప్పున పది నెలలు నాకు తెచ్చి ఇచ్చారు. వద్దన్నాను. గట్టిగా అనలేదు.

చూశారా, లాల్చీ ఆయనకి రెండు పేరాలు పట్టింది, మేష్టారికి నాలుగు లైన్లతో సరిపోయింది. ఇంకేమైనా రాద్దామని కలం పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఏ రంగు చొక్కా వేసుకుంటారో గుర్తు రాలేదు. టీ కొట్టు దగ్గర చెప్పే కథలో ఆయన అసలు లేరు. పెడితే నవ్వు ఆగిపోతుందని మొదటిరోజే తీసేశాను.

మొన్న సాయంత్రం ఎవరో కొత్తవాళ్లు అడిగితే మళ్లీ మొదలుపెట్టాను. సగంలో చూస్తే బెంచీ చివర మేష్టారు గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలీదు. నేను ఆగాను. అందరితో పాటు ఆయనా నవ్వుతున్నారు, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"ఆగిపోయావేం బావూ? ఆ లెక్క పెట్టుకున్న ముక్క ఇంకోసారి అను, అచ్చం ఆయనలాగే ఉంది," అన్నారు.

అన్నాను.

ఇట్లు,
మీ పాత అభిమాని,
పదకొండు వాయిదాలు కట్టినవాడు.